అప్రస్తుతానికి వేసిన కుర్చీ

మా ఆయనకు నేను కనబడను. ఇందులో వేదాంతమూ లేదు, కవిత్వమూ లేదు. కళ్ళ డాక్టరు చూసి చూపు బ్రహ్మాండంగా ఉందన్నాడు. గోడ మీద పాకే చీమ కనిపిస్తుంది, వీధి మలుపు తిరుగుతున్న పాలవాడు కనిపిస్తాడు. ఎదురుగా ఉప్మా పళ్ళెం పట్టుకుని నిలబడ్డ నేను మాత్రం కనబడను. పళ్ళెం కనిపిస్తుంది. అందుకుంటారు, తింటారు, బాగుంటే తల ఊపుతారు. ఎవరిచ్చారన్న ప్రశ్న ఆయనకు రాదు.

ఈ మాట మా పక్కింటి సామ్రాజ్యమ్మతో చెబితే, "ఓస్, అంతేనా! మా ఆయనకి ఏ మిషనూ పెట్టకుండానే పెళ్ళయిన ఏడాదికే వచ్చిందా జబ్బు" అంది. ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. చిక్కంతా అక్కడే ఉంది. మొగుడికి పెళ్ళాం కంటికి ఆనకపోవడం లోకంలో ఎంత మామూలు సంగతంటే, అది నిజంగా జరుగుతున్నప్పుడు పోల్చుకోవడానికి నాకే చాలాకాలం పట్టింది.

మొదటినుంచీ చెబుతాను. మధ్యలో అడ్డం తిరుగుతాను, ఏమీ అనుకోవద్దు. నాకది అలవాటు. అలవాటేమిటి, ఒకప్పుడు అది నా పదవి.

మా ఆయన పేరు చెరుకుమిల్లి విశ్వపతి. తెనాలి కాలేజీలో తెలుగు పాఠం చెప్పేవారు, అవధానాలు చేసేవారు. అవధానమంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. వేదిక నడుమ అవధాని కూర్చుంటాడు, చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుని తలా ఒక చిక్కు వేస్తారు. ఒకరు తలాతోకా లేని పాదం ఇచ్చి దాంతో పద్యం ముగించమంటారు. ఒకరు ఈ అక్షరం కూడదు, ఆ అక్షరం కూడదని అడుగడుక్కీ అడ్డుపడతారు. ఒకరు ఉన్నట్టుండి గంట కొడుతుంటారు, ఎన్నిసార్లు మోగిందో గుర్తు పెట్టుకోవాలి. ఆయన ఒక్కొక్కరికీ ఒక్కొక్క పాదం చెబుతూ చుట్లు తిరిగి, ఆఖర్న పద్యాలన్నీ కాగితం ముక్క లేకుండా అప్పజెప్పాలి. దాన్ని ధారణ అంటారు. ఇదంతా చాలదన్నట్టు ఎనిమిదో మనిషి ఒకరుంటారు. ఈ పనంతా చెడగొట్టడమే ఆ మనిషి పని. అవధాని పద్యంలో మునిగి ఉన్నప్పుడు సంబంధం లేని మాట ఏదో ఒకటి అడిగి ధ్యాస తప్పించాలి. దాని పేరు అప్రస్తుత ప్రసంగం.

ఆ ఎనిమిదో మనిషిని నేను. నా పేరు జ్ఞానప్రసూన. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను.

బీయస్సీ చదివే రోజుల్లో మా కాలేజీలో అవధానం పెట్టారు. అప్రస్తుతానికి రావలసిన పెద్దాయనకు జ్వరం వచ్చింది. నోరున్న పిల్ల అని నన్ను లాక్కెళ్ళి కూర్చోబెట్టారు. అవధాని చూస్తే మీసం కూడా సరిగా రాని కుర్రాడు. ఆయన మత్తేభంలో మంచి పట్టున ఉండగా, శ్రీకృష్ణుడికి పదహారువేలమంది భార్యలు గదా, కూరలో ఉప్పెక్కువైతే ఎవరిని అడుగుతాడండీ అన్నాను. ఆయన పద్యం ఆపి, తల తిప్పి నన్ను చూసి, ఎవరినీ అడగలేకేనమ్మా వెన్న తిని బతికాడు అన్నారు. సభ గొల్లుమంది. నేను పాండిత్యం చూసి చేసుకోలేదండీ ఆయన్ని. అంత పద్యాన్నీ పక్కన పెట్టి నా వైపు తిరిగిన ఆ మొహం చూసి చేసుకున్నాను. నన్ను "అమ్మా" అన్నందుకు పెళ్ళయ్యాక చాలాకాలం ఏడిపించాను.

ఆ తర్వాత ఆయన ఎక్కడ అవధానం చేసినా ఆ కుర్చీ నాదే. పెళ్ళాం అడిగితే ఇంట్లోనే కూడబలుక్కుని వస్తారని కొందరు పెద్దలు గొణిగారు. ఇంట్లో రోజంతా చేసే పని సభలో కాసేపు చేస్తే తప్పేమిటని ఆయన వాళ్ళ నోళ్ళు మూయించారు. మాకు పిల్లలు లేరు. ఆయన పద్యం చెప్పడం, నేను అడ్డుపడటం, ఆయన నవ్వి నా వైపు తిరగడం. మా సంసారం అదే, అంతే.

బాపట్లలో ఒక సభ. ధారణ దగ్గరికి వచ్చింది. మొదటి పద్యం గడగడా చెప్పారు. రెండోది మొదలుపెట్టబోయి, మళ్ళీ మొదటిదే చెప్పారు. చెప్పి, మళ్ళీ అదే అందుకున్నారు. జనం చమత్కారమనుకుని చప్పట్లు కొట్టారు. నాకు అర్థమైంది. పైకి లేచి ఏదో పిచ్చి ప్రశ్న అడిగి సభను నవ్వించాను. ఆయన మాత్రం నవ్వలేదు. తిరునాళ్ళలో చెయ్యి వదిలేసిన పిల్లాడిలా నన్ను చూశారు.

డాక్టర్లు మతిమరుపు జబ్బన్నారు. మొదట్లోనే ఉంది గానీ ముదురుతుందన్నారు. మామూలు మనుషుల బుర్ర అక్కర్లేనివాటిని గుమ్మం బయటే ఆపేస్తుందట. ఈయనకు ఆ కాపలా పోయింది. ఫ్యాను చప్పుడు, వీధిలో హారను, ఎదుటివాడి చొక్కా రంగు, అన్నీ ఒక్కసారే లోపలికి తోసుకొస్తుంటే పద్యానికి చోటెక్కడుంటుంది? ఇంట్లో కూర్చుని ఒక్క పాదం కోసం జుట్టు పీక్కునేవారు. మాటలు తమని వదిలి పోతున్నాయని ఏడ్చేవారు. మగవాడు అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు వచ్చాడు కృపావరం. చేబ్రోలు కుర్రాడు, ఇంటర్లో మా ఆయన దగ్గర తెలుగు చదివాడు. ఇప్పుడు హైదరాబాదులో మెదడు మీద పరిశోధన చేసే ల్యాబులో పెద్ద డాక్టరు. గురువుగారి సంగతి విని పరుగెత్తుకొచ్చాడు. వాళ్ళొక యంత్రం కనిపెట్టారు. మినప్పప్పు బద్దంత ఉంటుంది. చెవి వెనక, చర్మం కింద పెడతారు. వాళ్ళు దాన్ని ముద్దుగా జల్లెడ అంటారు.

అదేం చేస్తుందో చెప్పడానికి ల్యాబులో నాకొక వీడియో చూపించాడు. అమ్మాయిలు రెండు జట్లుగా నిలబడి టెన్నికాయిట్ రింగు విసురుకుంటున్నారు. పచ్చ ఓణీల జట్టు ఎన్నిసార్లు విసిరిందో లెక్కపెట్టమన్నాడు. లెక్కల టీచరుకు లెక్క చెప్పమంటే అంతకంటేనా? కన్నార్పకుండా చూసి చెప్పాను. సరిగ్గా చెప్పారమ్మా అని, మరి పులి కనబడిందా అని అడిగాడు. ఏ పులి అన్నాను. మళ్ళీ అదే వేశాడు. ఒళ్ళంతా పసుపూ నలుపూ చారలు పూసుకున్న పులివేషగాడు తాపీగా ఆ పిల్లల నడుమకు వచ్చాడు. నిలబడి నాలుగు చిందులు వేశాడు, తోక ఊపాడు, వెళ్ళిపోయాడు. చిన్న పిల్లాడైనా చూసేంత పులి. నాకు సిగ్గేసింది.

"మీ కన్ను చూసిందమ్మా, మనసు తీసుకోలేదు" అన్నాడు కృపావరం. "ఒకదాని మీద ధ్యాస పడితే మిగతావి వాటంతటవే రాలిపోతాయి. గురువుగారికి రాలగొట్టే శక్తి పోయింది. దాన్ని మేం బయటినుంచి పెడతాం."

పెట్టేముందు జల్లెడకు నేర్పాలట, ఏది గింజో ఏది తాలో. వాళ్ళ దగ్గరున్న చప్పుళ్ళూ బొమ్మలూ అన్నీ చూపించి నేర్పారు గానీ, కవిగారి బుర్రకు అవి సరిపోలేదు. ఈయనకు హారను చప్పుడు కూడా ఒక్కోసారి పద్యానికి పనికొచ్చేదే గదా. రెండు నెలలు తంటాలు పడ్డారు. ఒకరోజు కృపావరం ఫోన్లో ఎగిరి గంతేసినంత పని చేశాడు. గురువుగారి అవధానాల రికార్డింగులు ఉన్నాయా అమ్మా అన్నాడు. ఎందుకు నాయనా అంటే, "ప్రపంచంలో అప్రస్తుతానికి కుర్చీ వేసి కూర్చోబెట్టింది మన తెలుగోళ్ళే గదమ్మా. ఏది అక్కరలేనిదో అక్కడ ముందే రాసిపెట్టి ఉంది. దాన్నే నేర్పుతా" అన్నాడు. ఎంత తెలివైనవాడో అనుకున్నాను. బీరువా పై అరలో ఉన్న వీడియో క్యాసెట్లూ సీడీలూ అన్నీ సంచిలో సర్ది నా చేత్తోనే ఇచ్చాను.

ఆపరేషన్ అయిన మర్నాడు ఆయన మంచం మీద కూర్చుని, బాపట్లలో ఆగిపోయిన ధారణ మొత్తం చెప్పారు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. నర్సులు పని మానేసి వచ్చి విన్నారు. కృపావరం కళ్ళు తుడుచుకున్నాడు. నేను గది మూల నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన అందరి వైపూ చూసి నమస్కారం పెట్టారు. నా వైపు చూసినట్టే అనిపించింది.

ఇంటికి వచ్చాక పద్యాలు వరదగా వచ్చాయి. తెల్లవారేసరికి అరుగు మీద కూర్చుని మొదలుపెట్టేవారు. ఆ సంతోషంలో నేను మిగతావేవీ పట్టించుకోలేదు. కాఫీ అని పిలిస్తే పలకరు, పద్యంలో ఉన్నారనుకున్నాను. కరెంటు పోయిందండీ అంటే మాట్లాడరు, వినబడలేదనుకున్నాను. పద్యంలో లేనప్పుడు కూడా అంతేనని తెలియడానికి నెలలు పట్టింది. పేపరు కుర్రాడితో కబుర్లు చెబుతారు, సామ్రాజ్యమ్మ మనవడికి లెక్క తప్పుగా చెప్పి నవ్వుతారు. నేను వచ్చి పక్కన కూర్చుంటే ఆ పక్క ఉత్త బెంచీయే.

నేను ఊరుకునే రకం కాదు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఆయన పద్యం చదువుకుంటూ వచ్చి, ఒంటిని పక్కకు తిప్పి, నా భుజం తగలకుండా దాటి వెళ్ళిపోయారు. కాళ్ళకు నేను తెలుస్తూనే ఉన్నాను, మనిషికి తెలియను. పెళ్ళినాటి పట్టుచీర కట్టాను. మా అత్తగారి గొంతుతో "ఒరే విశ్వం" అని అరిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చెయ్యి పట్టుకున్నాను. దోమ వాలిన చోట గోక్కున్నట్టు గోక్కుని, ఆ చేత్తోనే పేజీ తిప్పారు. నాకు కోపం వచ్చింది. ఆయన చదువుతున్న పుస్తకం లాగి నేలకేసి కొట్టాను. ఆయన వంగి పుస్తకం తీసి, దుమ్ము దులిపి, చదవడం ఆపిన చోటు వెతుక్కున్నారు. ఎలా పడిందని కూడా అనుకోలేదు.

ఆరోజు నుంచి నేను జుట్టుకు రంగు వెయ్యడం మానేశాను. సరదాగానే చెబుతున్నాను, నిజమే చెబుతున్నాను.

చెకప్‌కు హైదరాబాదు వెళ్ళాలి. రైల్లో టీసీ వచ్చి ఎంతమందండీ అని అడిగాడు. "ఒక్కణ్ణే నాయనా" అన్నారు ఆయన. టీసీ నా వైపు చూశాడు. నేను రెండు టిక్కెట్లూ చూపించాను. అలిగారనుకున్నాడు కాబోలు, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ల్యాబులో కృపావరానికి చెబితే మొదట అతనూ నమ్మలేదు. నేను చెబుతుండగానే ఆయన్ని కూర్చోబెట్టి ఫొటోలు చూపించడం మొదలుపెట్టాడు. కాలేజీ ప్రిన్సిపాలు, తోటి లెక్చరర్లు, ఎప్పుడో పోయిన మామగారు, అందరి పేర్లూ చెప్పారు. మా వరండాలో కుర్చీలో నేను కూర్చున్న ఫొటో చూపిస్తే క్యాలెండరు అన్నారు. నిజమే, నా వెనక గోడకు క్యాలెండరు ఉంది. ఆఖర్న మా పెళ్ళి ఫొటో తీశాడు. ఆయన ముచ్చటగా చూసుకున్నారు. "నేనే. పెళ్ళిబట్టల్లో. పక్కన అరటి పిలకలు కట్టారు చూశావా, ఎంత పచ్చగా ఉన్నాయో" అన్నారు.

కృపావరం ఫొటో కింద పెట్టి, అమ్మగారు ఎలా ఉన్నారు గురువుగారూ అని అడిగాడు. ఆయన మొహంలో ఏదో ఒక్క క్షణం ఆగినట్టయింది. తర్వాత, ఈ ఏడు మామిళ్ళు బాగా కాశాయట నాయనా అన్నారు.

కృపావరం లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. కంప్యూటర్లో ఏం చూశాడో గానీ మొహంలో నెత్తురు చుక్క లేదు. తెలివైనవాడు గదా, నేను చెప్పనవసరం లేకుండానే తెలుసుకున్నాడు. నేనిచ్చిన రికార్డింగులన్నిటిలో అప్రస్తుతం కుర్చీలో ఉన్నది ఒకే ఒక్క మనిషి. జల్లెడ అప్రస్తుతాన్ని నేర్చుకోలేదు. నన్ను నేర్చుకుంది. నా మొహం, నా గొంతు, నా నడక, గాజుల చప్పుడు, ప్రతి సభలోనూ మైకులో చదివే నా పేరు. ఇదే తాలు, దీన్ని రాల్చెయ్యి అని దానికి నేర్పారు. అది బుద్ధిగా రాల్చేస్తోంది. పైగా మనిషి రాలినచోట ఖాళీ కూడా ఉంచదట. ఖాళీ ఉంటే మళ్ళీ ధ్యాస అక్కడికే పోతుంది గదా.

అంటే ఆ వీడియోలో పులిని నేనన్నమాట అన్నాను. కృపావరం తల వంచుకున్నాడు.

మళ్ళీ నేర్పించవచ్చుగా అంటే కుదరదన్నాడు. నీళ్ళు ఒకసారి కోసుకున్న బోదె లాంటిదట అది, ఎన్నిసార్లు పూడ్చినా నీళ్ళు అటే పోతాయట. పైగా అంత జబ్బున్న బుర్రకు రెండోసారి నేర్చుకునే శక్తి లేదు. ఉంచితే ఉంచాలి, లేకపోతే ఆపెయ్యాలి. ఆపితే నేను కనిపిస్తాను. కానీ జబ్బు ఆగిన చోటినుంచి కదిలి ముందుకు పోతుంది. ఏడాదో రెండేళ్ళో నేను కనిపిస్తాను. పద్యం పోతుంది, మాట పోతుంది, ఆ తర్వాత నేనెవరో ఎలాగూ తెలియదు. ఉంచితే పద్యం ఉంటుంది, ఆయన ఉంటారు. జల్లెడను పరీక్షగా పెట్టి చూసే గడువు నెలాఖరుతో అయిపోతుందనీ, ఆలోగా ఏదో ఒకటి తేల్చాలనీ అన్నాడు. ఆయన్ని అడిగి చెప్పమందామంటే ప్రశ్నలోనే నేనున్నాను, అది ఆయన చెవికి ఎక్కదు. అందుకని మాట మీరే చెప్పాలమ్మా అన్నాడు. మొగుడి కంటికే లేని మనిషిని పట్టుకుని మొగుడి సంగతి తేల్చమంటున్నారు. నాకు నవ్వు కూడా రాలేదు.

తెనాలికి వచ్చేశాం. అంటే నేనూ వచ్చాను, ఆయన ఒక్కరే వచ్చారు.

ఆ నెలలోనే గుంటూరులో పెద్ద సభ. జబ్బు నుంచి లేచి వచ్చిన అవధాని అని వెయ్యి నోళ్ళ చెప్పుకుని జనం విరగబడ్డారు. నన్ను పాత కుర్చీలోనే కూర్చోబెట్టారు. నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఎందుకంటే ఏం చెప్పను? అక్కడైనా నా వైపు తిరుగుతారేమోనన్న ఆశ. ఆయన పద్యంలో పడ్డాక, గణాలు సరిపోయాయి సరే, ఇంట్లో గ్యాసు కట్టేసి వచ్చారా అవధానిగారూ అన్నాను. జనం నవ్వారు. ఆయన రెండో పాదం చెప్పారు. మరోటి అడిగాను. మూడో పాదం చెప్పారు. ఇక నా ఓపిక అయిపోయింది. మైకు దగ్గరికి లాక్కుని, "అవధానిగారూ, మీ ఆవిడ ఈ సభలో ఎక్కడ కూర్చుందో చెప్పండి చూద్దాం" అన్నాను.

సభ అంతా ఆయన వైపు చూసింది. ఆయన నా తల మీదుగా చూస్తూ నాలుగో పాదం ముగించారు. అబ్బ, ఎంత నిగ్రహం అన్నారు ఎవరో. ఒకళ్ళు లేచి చప్పట్లు కొడితే హాలు హాలంతా లేచింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. నాకు ఏడుపూ రాలేదు. లోపల ఎక్కడో తిమ్మిరెక్కినట్టుంది, గిల్లినా తెలియడం లేదు. వర్ణనకు ఒక పృచ్ఛకుడు, ఎదుటే ఉండి కనబడని దైవాన్ని వర్ణించమన్నాడు. ఆయన చెప్పిన పద్యం విని ముందు వరుసలో పెద్దవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. అంత మంచి పద్యం ఆయన జన్మలో చెప్పలేదు. నేనూ చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను, ఆ పద్యం అలాంటిది.

మరుసటి సభకు అప్రస్తుత ప్రసంగం తీసేశారు. ఈయనకు అది అవసరం లేదట.

నెలాఖరుకు ఆయన్ని తీసుకుని మళ్ళీ హైదరాబాదు వెళ్ళాను. కృపావరంతో చెప్పాను, తేల్చేది నేను కాదు, ఆయనే తేల్చాలి అని. కాసేపు ఆపు నాయనా, నేను కనబడుతుండగా ఆయన్నే అడుగుతాను అన్నాను. కాసేపు ఆపితే ప్రమాదం లేదన్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఎండ పడకుండా తెరలు వేసిన గదిలో ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. కృపావరం మీట నొక్కాడు.

మొదట ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఏసీ వైపు చూశారు, ట్యూబులైటు వైపు చూశారు, కృపావరం చొక్కా గుండీల వైపు చూశారు. తర్వాత నా మీదికి వచ్చాయి కళ్ళు. వచ్చి ఆగాయి.

"ప్రసూనా, ఎప్పుడొచ్చావే?" అన్నారు. "అదేమిటి, జుట్టంతా అలా నెరిసిపోయింది?"

ఆయన చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకున్నారు. వేళ్ళు వేళ్ళలో దూర్చి, మా పెళ్ళయిన కొత్తలోలాగా. ఇన్నాళ్ళూ నేను దాచుకున్నదంతా అప్పుడు చెప్పాను. జల్లెడ సంగతి, క్యాసెట్ల సంగతి, గుమ్మం, పుస్తకం, టీసీ, గుంటూరు. ఉంచితే ఏమవుతుందో, ఆపితే ఏమవుతుందో కూడా చెప్పాను. నేను ఇన్ని మాటలు అడ్డం తిరగకుండా చెప్పడం అదే మొదలు. ఆయన శ్రద్ధగా విన్నారు. మధ్యమధ్య మాట కోసం తడుముకుంటూ ఏదో అనబోయి ఆగారు. అంతా విని, పగలబడి నవ్వారు.

"బాగుందే! ఇన్నేళ్ళలో ఇంత గొప్ప అప్రస్తుతం ఎప్పుడూ వెయ్యలేదు నువ్వు" అన్నారు.

నిజమండీ అన్నాను. పెళ్ళి ఫొటో తీసి చూపించాను. ఇదుగో ఉన్నావుగా, అరటి పిలకల పక్కన, ముక్కుపుడకతో సహా అన్నారు. ఇప్పుడు ఎందుకు కనబడను? కనబడకుండా పోయినప్పుడు నేను లేనన్న సంగతి ఆయనకు తెలియదు, తెలిసేటప్పుడు నేను ఉంటాను. ఇక దేన్ని చూపించి నమ్మించను?

"నిజమే గురువుగారూ. అమ్మగారు చెప్పినదంతా నిజం" అన్నాడు కృపావరం.

"నిన్ను కూడా కలుపుకుందా?" అన్నారు ఆయన ఆనందంగా. తర్వాత నా వైపు తిరిగారు. అదే మొహం. నా కోసం పద్యాన్ని పక్కన పెట్టే మొహం. "పిచ్చిదానా, నువ్వు కనబడకపోతే నాకు తెలియదూ? ఒక్క పూట లేకపోతే ఇల్లంతా వెతుక్కోనూ?"

ఆయన ఇంకేదో అనబోయారు. గుంటూరు పద్యం నాకు వినిపించాలనుకున్నారు. మొదటి పాదం వచ్చింది. రెండో పాదంలో ఒక మాట దగ్గర ఆగారు. వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి పాదం చదివారు. మళ్ళీ అక్కడే ఆగారు. ఏసీ వైపు చూశారు, లైటు వైపు చూశారు. నుదుట చెమట పట్టింది. నా వేళ్ళను పట్టుకున్న పట్టు బిగిసింది.

"కృపావరం, వెయ్యి నాయనా" అన్నారు. "మాటలు అందడం లేదు. అన్నీ ఒక్కసారే మీదికొస్తున్నాయి. భయంగా ఉంది." నా వైపు చూసి, "నువ్వు ఇక్కడే ఉంటావుగా?" అన్నారు.

"ఉంటానండీ" అన్నాను.

"మరింకేం" అన్నారు.

కృపావరం నా మాట కోసం చూస్తున్నాడు. వద్దంటే ఆపేస్తాడు. ఆయన నన్ను చూస్తూ ఉంటారు, ఏడాదో రెండేళ్ళో, ఈ భయం మొహంతో. వెయ్యి బాబూ అన్నాను. గట్టిగానే అన్నాను, మళ్ళీ అడగకుండా.

మీట పడింది. ఆయన మొహంలో భయం కరిగిపోయింది. నుదురు విచ్చుకుంది. కళ్ళు నా మీదినుంచి తేలిగ్గా జారి, వెనక గోడ మీదికి వెళ్ళాయి. రెండో పాదం వచ్చింది, మూడోది వచ్చింది, నాలుగోది గంట కొట్టినట్టు వచ్చింది. పద్యం పూర్తిచేసి, ఎలా ఉంది నాయనా అని కృపావరాన్ని అడిగారు.

ఆయన చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. కాసేపటికి దాన్ని చూసుకున్నారు. ఎందుకలా గాలిలోకి చాచి పెట్టుకున్నానా అన్నట్టు చూసి, వేళ్ళు విడదీసి, కళ్ళజోడు సర్దుకున్నారు.

నా చెయ్యి అక్కడే ఉండిపోయింది. కాసేపటికి నేనే దించుకున్నాను.